ఫోటో కింద రెండో పేరు

మా బడికి ప్రొజెక్టరు వచ్చింది గానీ తెర రాలేదు. అడిగితే వెనకాల వస్తుందన్నారు. వెనకాల అంటే ఎంత వెనకాలో మా వైపు ఎవరూ అడగరు. నేనే ఇంటి నుంచి ఒక తెల్ల దుప్పటి తీసుకుపోయి, ఎనిమిదో తరగతి గోడకు నాలుగు మేకులు కొట్టించి కట్టాను. ఆ దుప్పటి అంచున నీలం పువ్వులు ఉండేవి. హిమాలయాలు చూపించినా, ఎడారి చూపించినా, పార్లమెంటు చూపించినా చుట్టూ ఆ పువ్వులు ఉండాల్సిందే. ఇప్పుడు నేను పనిచేసే బడిలో గోడ నిండా తెర ఉంది, వేలు పెడితే బొమ్మ కదులుతుంది. అయినా ఒక్కోసారి పాఠం మధ్యలో ఆ నీలం పువ్వులు గుర్తొచ్చి, చెబుతున్న మాట మర్చిపోతాను.

ఆ బడి గిద్దలూరు నుంచి రాచర్ల పోయే దారిలో రోడ్డు దిగి లోపలికి పోతే వచ్చే ఒక ఊళ్ళో ఉంది. నేను సోషల్ టీచర్ని, కాపురం గిద్దలూరులో. పొద్దున్నే ఆటోలో లాప్‌టాప్ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. పక్కన మేకపిల్లను ఎక్కించినా సర్దుకునేదాన్ని గానీ, సంచి మీద ఎవరైనా మోచెయ్యి ఆనిస్తే మాత్రం ఊరుకునేదాన్ని కాదు. బడిలో నెట్ సిగ్నల్ మెట్ల మీద, అదీ మూడో మెట్టు మీద నిలబడితేనే వచ్చేది. అందుకని కావలసిన ఫోటోలన్నీ ముందురోజు సాయంత్రమే ఇంట్లో దించుకుని పెన్‌డ్రైవ్‌లో వేసుకుపోయేదాన్ని.

మొదట్లో దొరికిన ఫోటో దొరికినట్టు వాడేశాను. ఒకసారి బొగ్గుగని ఫోటో మీద అడ్డంగా ఏదో కంపెనీ ముద్ర ఉంటే, పిల్లలు అది ఆ గని పేరనుకుని నోట్సులో రాసుకున్నారు. ఎర్ర పెన్నుతో కొట్టేస్తూ, తిడుతూ, మూడో పుస్తకం దగ్గరికి వచ్చాక గానీ తప్పు నాదని నాకు వెలగలేదు. నాకు కోపం ముందు, బుద్ధి వెనక. మా అమ్మ అనేది, నీ నోటికి తాళం వేసి తాళంచెవి నాకియ్యమని.

తర్వాత మార్కాపురంలో రెండురోజులు ట్రైనింగ్ పెట్టారు. చెప్పడానికి వచ్చినతను నా దగ్గర చదువుకున్న పిల్లల వయసువాడు. నెట్‌లో కనిపించిందల్లా మన సొత్తు కాదని, కొందరు మాత్రం తమ ఫోటోలను ఎవరైనా తీసుకోవచ్చు, పాఠాల్లో వాడుకోవచ్చు, ప్రింటు వేసుకోవచ్చు, మార్చుకోవచ్చు కూడా అని లైసెన్సు రాసిపెడతారని చెప్పాడు. వాళ్ళు పైసా అడగరట. అడిగేదల్లా ఫోటో కింద తమ పేరు రాయమని, ఏదైనా మారిస్తే మార్చామని చెప్పమని.

నేను ఊరుకుంటానా. "డబ్బులు అక్కరలేనాయనకు పేరు మీద అంత మోజేంది నాయనా?" అన్నాను.

హాలంతా నవ్వారు. అతను నవ్వలేదు. "మీ ఇంట్లో స్టీలు గిన్నెల మీద పేర్లు లేవా మేడం?" అన్నాడు.

ఎందుకు లేవు? మేం పుట్టి పెరిగిన మార్కాపురం ఇంట్లో పేరు కొట్టించని గిన్నె ఒక్కటి కూడా లేదు. పెళ్ళికి ఎవరు పెట్టారు, గృహప్రవేశానికి ఎవరు ఇచ్చారు, అన్నీ చుక్కల అక్షరాల్లో గిన్నె అంచునే ఉండేవి. నేను చదవడం నేర్చుకున్నదే సగం వాటి మీద. పక్కింటి గిన్నె మా ఇంటికొస్తే నెలల తరబడి వాడుకునేవాళ్ళం, ఎవరూ ఏమీ అనరు, పేరు ఉంది గదా. కానీ తిరిగి ఇచ్చేటప్పుడు మా అమ్మ ఖాళీ గిన్నె ఎప్పుడూ ఇయ్యలేదు. పిడికెడు చక్కెరో, రెండు వంకాయలో, ఏమీ లేకపోతే ఒక కరివేపాకు రెబ్బో వేసి ఇచ్చేది. "ఖాళీది ఇస్తే ఇచ్చినోళ్ళను తక్కువ చేసినట్టమ్మా" అనేది. ఆ రోజు బస్సులో గిద్దలూరు వచ్చేదాకా అదే ఆలోచించాను. డబ్బు తీసుకోకుండా ఇచ్చినవాడి గిన్నెలో మనం వేసేది వాడి పేరే.

మర్నాటి నుంచి మా తరగతిలో కొత్త చట్టం వచ్చింది. పేరు లేని ఫోటో దుప్పటి ఎక్కదు. నేను పాఠం మొదలుపెట్టేముందు ఫోటో కింద ఉన్న పేరు ఒకరు లేచి గట్టిగా చదవాలి. ఆ పేర్లు మన నాలుకకు తిరిగేవి కావు. పోలండో, బ్రెజిలో, కేరళో, ఎక్కడెక్కడివాళ్ళో. పిల్లలకు పొట్టలు చెక్కలయ్యేవి. ఆ పేర్లన్నీ తడుముకోకుండా చదివే పిల్ల ఒకతే ఉండేది, కిటికీ పక్కన రెండో బెంచీలో. ముందు పెదాలు కదిపి ఒకసారి లోపల అనుకుని, అప్పుడు లేచి చదివేది. నాలుగు రోజుల్లో ఆ పని ఆమెదే అయిపోయింది. ఎప్పుడైనా తొందరలో నేను పేరు పెట్టడం మర్చిపోతే చెయ్యెత్తేది. "మేడం, దీనికి పేరు లేదు. దించేయండి." నన్నంత దబాయించిన పిల్ల నా సర్వీసులో ఇంకొకతె లేదు. ఆ పిల్లంటే నాకు ప్రాణం.

వాళ్ళ నాయనకు గొర్రెలు. ఇద్దరు కొడుకులు, ఇద్దరూ పనులకని బయటే ఉండేవాళ్ళు. ఈ పిల్లను కూడా గొర్రెలెనక పంపాలని ఆయనకు ఎప్పటి నుంచో ఉంది. బడి ఉందిగదా అని ఆగుతున్నాడు, అంతే.

ఆ ఏడాది మన ప్రాంతపు పరిశ్రమలు అని ఒక పాఠం చెప్పాల్సి వచ్చింది. ఇంకేముంది, మార్కాపురం పలకలు! నా సొంత ఊరి పాఠం. మేం పిల్లలుగా ఉన్నప్పుడు ఊళ్ళో ఎటు చూసినా పలకలే. పగిలిన పలక ముక్కలతో తొక్కుడుబిళ్ల ఆడేవాళ్ళం, అంత జారుడు బిళ్ల ఇంకే రాతికీ రాదు. పలక పగిలిందని ఇంట్లో ఎవరూ తిట్టేవాళ్ళు కాదు, ఇంకోటి కొనిచ్చేవాళ్ళు. అన్ని పలకలు చేతుల్లో పట్టాను గానీ, వాటిని చేసే చెయ్యి ఎవరిదో ఒక్కసారి చూద్దామని కూడా నాకు అనిపించలేదు. పలకల షెడ్ల ముందు నుంచే బడికి పోయేదాన్ని.

నెట్‌లో వెతికితే ఒక మంచి ఫోటో దొరికింది. ఉచిత లైసెన్సుదే. రేకుల షెడ్డు, చుట్టూ పలకల దొంతరలు, మధ్యలో ఒక నడివయసు ఆడమనిషి. తలకు గుడ్డ, మొహం నిండా బూడిదరంగు దుమ్ము. ఒక పలకను ఎడమ చెవి దగ్గర పట్టుకుని, కుడిచేతి వేలి కణుపుతో దాన్ని తడుతూ, కళ్ళు మూసుకుని ఉంది. ఎండ ఆమె చేతుల మీద పడుతోంది. తీసినాయన ఎవరో గానీ చెయ్యి తిరిగినవాడు. కింద ఆయన పేరు ఉంది, దాని కింద ఇంగ్లీషులో పలకల కార్మికురాలు అని ఉంది. నేను దాన్ని తెలుగు చేసి 'పలకల షెడ్డులో కూలి మనిషి, మార్కాపురం' అని టైపు చేశాను.

దుప్పటి మీద ఫోటో పడగానే వెనక బెంచీ నుంచి ఒకడు అరిచాడు. "మేడం, ఆమె పలకతో ఫోన్ మాట్లాడుతాంది!"

తరగతంతా గొల్లుమంది. నిజంగా అలాగే ఉంది మరి. నాకూ నవ్వాగలేదు. నవ్వి ఊరుకున్నా సరిపోయేది. "టవరు దొరికిందో లేదో అడగండ్రా. మనకైతే మూడో మెట్టెక్కితే గానీ దొరకదు" అన్నాను. ఇంకా నవ్వారు. కొందరు నోటుపుస్తకాలు చెవికి పెట్టుకుని హలో హలో అన్నారు.

"సరే, పేరు చదువమ్మా" అన్నాను.

ఆ పిల్ల లేచింది. తీసినాయన పేరు చదివింది. ఆగింది.

"కింద ఇంకో ముక్క ఉంది. అది కూడా చదువు."

"పలకల షెడ్డులో కూలి మనిషి, మార్కాపురం" అని నెమ్మదిగా చదివి కూర్చుంది. తర్వాత తల ఎత్తలేదు. తలనొప్పేమో అనుకున్నాను. నా పాఠం నేను చెప్పుకుంటూ పోయాను.

మర్నాడు ఆ పిల్ల రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడోరోజు ఆమె పక్కన కూర్చునే అమ్మాయిని పిలిచి అడిగాను. ఆ అమ్మాయి అటూ ఇటూ చూసి చెప్పింది. "మేడం, ఆ ఫోటోలో ఉండేది వాళ్ళ జేజి, వాళ్ళ నాయన వాళ్ళమ్మ. ముందు మార్కాపురంలో పలకల పని చేసినాదంట. ఇప్పుడు వీళ్ళ దగ్గరే ఉంది. ఆ పొద్దు సాయంత్రం ఏడ్చుకుంటా పోయింది. మర్నాటి నించి గొర్లెనక పోతాంది."

'పలకల షెడ్డులో కూలి మనిషి' అని నాకు నేనే లోపల అనుకున్నాను. పిల్ల చేత వాళ్ళ జేజిని కూలి మనిషి అని చదివించింది నేను. నలభైమంది నవ్వుతుంటే ఇంకో జోకు కలిపింది నేను. ఫోటో ఎక్కడో నెట్‌లో దొరికింది గదా, అందులో మనిషి కూడా ఎక్కడో ఉంటుందనుకున్నాను. మార్కాపురం ఎంత దూరమని! ఆ షెడ్లలో పనిచేసినవాళ్ళు షెడ్లు మూతపడ్డాక ఎక్కడికి పోతారు? ఇట్లాంటి ఊళ్ళకే గదా వచ్చేది. నాకు సిగ్గేసింది. సిగ్గుకంటే భయం ఎక్కువ వేసింది. ఒకసారి చేతికి గొర్రెల కర్ర వచ్చిన ఆడపిల్ల మళ్ళీ ఆ చేత్తో పెన్ను పట్టడం నా సర్వీసులో నేను చూసింది తక్కువ. ఒక నెల పోతే చాలు, అట్లనే అలవాటైపోతుంది, తర్వాత పెళ్ళి మాటలు.

ఉత్త చేతులతో పోవడానికి మనసు ఒప్పలేదు. గిద్దలూరులో ఒక ఫోటో స్టూడియోకు పోయి ఆ ఫోటోను పెద్ద సైజులో ప్రింటు వేయమన్నాను. కింద తెల్లంచు వదిలి తీసినాయన పేరు వేయమని కాగితం మీద రాసిచ్చాను. ఆ స్టూడియో అబ్బాయి ప్రింటు తీసి, అలవాటు ప్రకారం మూలన తన స్టూడియో ముద్ర గుద్దబోయాడు.

"ఆగు, ఆగు! ఏంది అది?"

"మా ముద్ర మేడం. అన్నిటికీ వేస్తాం."

"నువ్వు తీసినావా ఈ ఫోటో?"

"ప్రింటు తీసింది మేమే గదా మేడం."

"వంట చేసింది ఒకరు, వడ్డించిన గరిట పేరు చెప్పుకోమన్నట్టుంది నీ కథ. ముద్ర పక్కన పెట్టు."

ఇంకో మాట కూడా అన్నాను గానీ అది ఇక్కడ రాయడం బాగుండదు. పాపం, తప్పు నాది, తిట్లు ఆ అబ్బాయికి.

శనివారం బడి అయ్యాక వాళ్ళింటికి పోయాను. ముందు గొర్రెల దొడ్డి, వెనక రెండు గదుల ఇల్లు. పిల్ల అప్పుడే గొర్రెలను తోలుకొచ్చినట్టుంది, కాళ్ళు కడుక్కుంటోంది. నన్ను చూసి గదిలోకి పోయింది. వాళ్ళ నాయన మంచం వాల్చి కూర్చోమన్నాడు.

"బడికి పోనంటాంది మేడం. పోనిదానివి ఇంట్లో ఎందుకు, గొర్లెనక పా అన్నా. నాకూ ఒక మనిషి తోడైంది" అన్నాడు. ఆయన మాటలో కోపం లేదు, సంబరమే ఉంది. అది విని నా భయం ఇంకా పెరిగింది.

వసారాలో గోడకానుకుని ఒక ముసలామె కూర్చుని ఉంది. ఫోటోలోని మనిషేనా అని ఒక్క క్షణం పట్టింది. అప్పటి జుట్టు లేదు, బుగ్గలు లేవు. చేతులు మాత్రం అవే. కళ్ళు మసకబారాయని పిల్ల వాళ్ళ నాయన చెప్పాడు. బడిలో జరిగింది ఆమెకు తెలియదు. జేజిని చూసి అందరూ నవ్వారని జేజికి తెలియకూడదని ఆ పిల్ల ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదు. అది నాకు అక్కడే అర్థమైంది.

సంచిలోంచి ఫోటో తీసి ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని వాకిలి వెలుతురుకు తిప్పి, మొహానికి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"అమ్మో! ఇది నేనే గదా! చూడరా అబ్బయా, మీ అమ్మ!"

కొడుకు లేచి వచ్చాడు. పిల్ల గడపలోకి వచ్చి నిలబడింది.

"యాడ దొరికింది తల్లీ నీకు ఇది? ఆయన ఇచ్చినాడా?"

"ఎవరవ్వా?"

"ఒకాయన వచ్చినాడులే మా షెడ్డుకాడికి. భాష రాదు ఆయనకు. దప్పికైందని సైగ చేస్తే చెంబుతో నీళ్ళిచ్చినా. తాగి, ఫోటో తీసుకోవాలా అని చేత్తోనే అడిగినాడు. తీసుకో నాయనా అన్నా. పోతా పోతా చెయ్యూపి ఏందో చెప్పినాడు. పంపిస్తా అన్నాడనుకున్నా. శానా దినాలు చూసినా. మా మేస్త్రి ఎగతాళి చేసినాడు, నీకు ఫోటో పంపనీకి ఆయనేమన్నా నీ అల్లుడా అని." మళ్ళీ ఫోటో చూసుకుంది. "పంపినాడు గదా. లేటయితే అయిందిలే. ఇదేంది, ఈ పాత కోక పడింది! ఆ పొద్దు ఎర్రకోక ఉతికి ఆరేసింటి. ముందుగాల చెప్పింటే ఎర్రది కట్టుకుందును గదా."

అవ్వకు ఎట్లా చెప్పాలి, ఆయన ఆ ఫోటోను లోకమందరికీ ఇచ్చేశాడని, అందులోంచి నేను తీసుకున్నానని? చెప్పాలనిపించలేదు. ఆలోచిస్తే ఆమె మాటే నిజం. అందరికీ పంపినాడంటే ఆమెకూ పంపినట్టే.

కానీ చెప్పాల్సింది ఒకటి ఉంది. దాచుకోదలుచుకోలేదు. "అవ్వా, ఈ ఫోటో బడిలో చూపించినా. పలకతో ఫోన్ మాట్లాడుతాందని పిల్లలు నవ్వినారు. వాళ్ళతో పాటు నేనూ నవ్వినా. నీ మనవరాలు అందుకే బడికి రావడం లేదు. తప్పు నాది" అన్నాను.

ముసలామె ఫోటో ఇంకోసారి మొహానికి దగ్గరగా పెట్టుకుంది. తర్వాత పకపకా నవ్వింది.

"ఫోను మాదిరే ఉండాదే! నిజమేలే!"

"జేజీ!" అని పిల్ల కసిరింది. "నువ్వూ నవ్వుతావా!"

"నవ్వక? ఏడవాల్నా? పలక చెవికి పెట్టుకోని చూడాల. తడితే కంగున పలికితే మంచిది. బొద్దుమంటే లోపల చీలిక ఉన్నట్టు, కంటికి కనపడదు. అట్లాంటిది పోతే పిలకాయల చేతిలో పగుల్తాది. నేను తీసేసినానంటే మేస్త్రి మళ్ళ చూసేవాడు కాదు."

ఆ పిల్ల జేజి వైపు చూడడం లేదు. నన్నే చూస్తోంది. "మేడం" అంది. "తీసినాయన పేరు నాతో చదివించినారు. మా జేజి పేరు యాడుంది? కూలి మనిషి అనేది పేరా? పేరు లేందే దుప్పటి ఎక్కదంటిరి గదా."

ముప్ఫై ఏళ్ళు పిల్లలను ప్రశ్నలడిగి బతికినదాన్ని. ఆ ప్రశ్న మాత్రం నన్ను నేను అడుక్కోలేదు. ఫోటో ఇచ్చినాయన గిన్నెలో పేరు వేశాను. ఫోటోలో ఉన్నామె గిన్నె ఖాళీగా తిరిగిచ్చాను.

"నీ పేరేంది అవ్వా?" అని అడిగాను.

"నా పేరుతో ఎవరికేం పని తల్లీ? వాళ్ళమ్మ, వీళ్ళ జేజి, పలకలామె అంటారు. అంతే."

"నాకు పనుంది. చెప్పు."

రెండోసారి అడిగితే చెప్పింది. చెబుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిల్ల లోపలికి పోయి పెన్ను తెచ్చింది. స్టూడియోవాడు వదిలిన తెల్లంచు మీద, తీసినాయన పేరు పక్కన, జేజి పేరు గుండ్రంగా రాసింది.

"సోమవారం వస్తావా?" అన్నాను.

"జేజి పేరు క్లాసులో చదువుతారా?"

"నేను చదవను. నువ్వే చదవాల."

పిల్ల పెన్నుకు మూత పెట్టి నాయన వైపు చూసింది. వాళ్ళ నాయన మాత్రం చేతిలో కర్ర తిప్పుతూ దొడ్డి వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ రాబోయే సోమవారం ఆయన చేతిలోనే ఉందని నాకు తెలుసు. లేచి నిలబడి, "అన్నా, నీకు తోడు మనిషి కావాల, నిజమే. ఈ పిల్లకు మాత్రం బడి కావాల" అన్నాను.

ఆదివారం మార్కాపురం పోయి నాలుగు రాతి పలకలు కొన్నాను. అంగట్లో వాటికోసం లోపల గదిలో వెతకాల్సి వచ్చింది. అంగడాయన దుమ్ము తుడిచి ఇస్తూ, ఇప్పుడు వీటిని ఎవరడుగుతాండారమ్మా అన్నాడు. ఇంటికొచ్చి ఫోటో కింద నేను టైపు చేసిన ముక్క కొట్టేసి, జేజి పేరు రాసి, పక్కన 'పలకల పరీక్ష చేసే మనిషి, మార్కాపురం' అని పెట్టాను. లైసెన్సులో మార్చుకోవచ్చనే ఉంది, మార్చినట్టు చెబితే చాలు. చిన్న అక్షరాల్లో అదీ చెప్పాను. ఆ ఫోటో దొరికిన వెబ్‌సైటులోనే తీసినాయనకు ఒక ఉత్తరం ముక్క కూడా రాశాను, ఫోటోలో ఉన్నామె పేరు ఇది అని. జవాబు రాలేదు. ఆయన అక్కడికి వచ్చి ఏళ్ళయినట్టుంది.

సోమవారం మొదటి గంట కొట్టారు. కిటికీ పక్కన రెండో బెంచీ ఖాళీ. హాజరు తీసుకుంటూ ఆమె పేరు దగ్గర ఆగాను. గైర్హాజరు పెట్టడానికి చెయ్యి రాలేదు, ఖాళీగా వదిలి కిందికి పోయాను. ప్రొజెక్టరు ఆన్ చేసి, వైర్లు కదిపి, ఏదో సర్దుతున్నట్టు నటిస్తూ నిలబడ్డాను. పిల్లలు మేడం పాఠం చెప్పరా అన్నారు. నోర్మూయమన్నాను.

బయట టీవీఎస్ బండి చప్పుడైంది. ముందు వాళ్ళ నాయన, వెనక పిల్ల, ఇద్దరి మధ్యలో జేజి. జేజి ఎర్రకోక కట్టుకుంది.

ఆ పిల్ల నేరుగా వచ్చి తన చోట కూర్చోలేదు. దుప్పటి పక్కన నిలబడి, పెదాలు ఒకసారి కదిపి, తీసినాయన పేరు చదివింది. తర్వాత జేజి పేరు చదివింది. రెండో పేరు ఎంత గట్టిగా చదివిందంటే పక్క తరగతిలో లెక్కల సారు గొంతు ఆగిపోయింది.

జేజిని కుర్చీలో కూర్చోబెట్టి నాలుగు పలకలు ఒళ్ళో పెట్టాను. ఒక్కొక్కటి చెవికి ఆనించి తట్టింది. మూడు పక్కన పెట్టింది. నాలుగోది నా చేతికిచ్చి, "అంగడాయన నిన్ను మోసం చేసినాడు తల్లీ, ఇది చీలింది" అంది. ఎంత చూసినా నాకు గీత కనపడలేదు. అప్పుడు ఫోన్ జోకు వేసినవాడిని దగ్గరికి పిలిచి మంచి పలకను వాడి చెవి దగ్గర పట్టి తట్టింది.

"మాట్లాడు నాయనా. ఏం పలికింది?"

వాడు కళ్ళు మూసుకున్నాడు. "గంట మాదిరి పలికింది జేజీ" అన్నాడు. నలభైమంది వరస కట్టారు. ఆ పూట పరిశ్రమల పాఠం నేను చెప్పలేదు. వాళ్ళ నాయన కిటికీ బయట నిలబడి గంటసేపు చూసి, గొర్రెలు దొడ్లోనే ఉన్నాయని గుర్తొచ్చి పోయాడు. పోతూ పోతూ కూతుర్ని పిలవలేదు.

తర్వాత రెండేళ్ళకు, ఆ పిల్ల పదో తరగతి పరీక్షలు రాశాక, జేజి పోయింది. పెద్దకర్మకు నన్ను పిలిచారు. పోయేసరికి వాకిట్లో టెంటు వేసి కుర్చీ మీద పటం పెట్టారు. వాళ్ళ ఇంట్లో ఆమెది ఇంకో ఫోటో లేదు, అదే ఫోటో. పలక చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని, మెడలో పూలదండ. అద్దం లోపల తెల్లంచు కత్తిరించకుండా అట్లనే ఉంచారు. మామూలుగా ఫ్రేములు కట్టేవాళ్ళు అంచు కోసేస్తారు. ఆ పిల్ల పక్కన నిలబడి కొయ్యనియ్యలేదని తర్వాత తెలిసింది.

బేస్తవారిపేట నుంచి వచ్చిన ఒక పెద్దాయన పటం దగ్గరికి వంగి చదివి, వాళ్ళ నాయనను అడిగాడు. "మీ అమ్మ పేరు సరే. ఇదేంది, ఈ ఇంకో పేరు? మనోళ్ళ పేరు మాదిరి లేదే. మీకేమవుతాడు?"

"మా అమ్మకు ఫోటో పంపినాయన" అన్నాడు ఆయన. అంతకంటే వివరం ఎవరూ అడగలేదు. పెద్దాయన ఆ పేరుకు కూడా కలిపే దండం పెట్టుకున్నాడు.

భోజనాలయ్యాక వచ్చినవాళ్ళకు స్టీలు డబ్బాలు పంచారు. మూత మీద చుక్కల అక్షరాల్లో జేజి పేరు. నాది నేను తీసుకుని లేస్తుంటే ఆ పిల్ల వెనకనే వచ్చింది. చేతిలో ఇంకో డబ్బా ఉంది.

"మేడం, ఇది ఆయనది."

"ఎవరిది?"

"ఫోటో ఆయనది. నాయన తీసిపెట్టమన్నాడు. జేజి పేరు మీద అందరికీ ఇచ్చి ఆయనకు ఇయ్యకపోతే ఎట్ల? మీకు ఆయన అడ్రసు తెలుసు గదా."

నాకు ఆయన పేరు మాత్రమే తెలుసు. ఉత్తరానికి జవాబు రాలేదని ఆ పిల్లకు చెప్పే ధైర్యం నాకు చాలలేదు. పంపిస్తానులే అని తీసుకున్నాను. ఆ పిల్ల ఇప్పుడు మార్కాపురంలో డిగ్రీ చదువుతోంది. ఎప్పుడు ఫోన్ చేసినా చివర్లో, డబ్బా పంపినారా మేడం అని అడుగుతుంది. ఇంకా లేదమ్మా, వెతుకుతున్నా అంటాను.

ఆ డబ్బా నా బీరువాలోనే ఉంది. ఖాళీగా పంపకూడదని అందులో బలపాలు నింపిపెట్టాను.